ఆఫీసు నెట్‌కు కట్టడి: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆగాలి

సభకు నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఉన్న సమయం తక్కువ కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

పదో ఇరవయ్యో కంప్యూటర్లున్న ఆఫీసులో కొన్ని సైట్లు ఆపాలనుకుంటే, చాలామంది ఒక్కో కంప్యూటర్లో హోస్ట్స్ ఫైలు, అంటే సైటు పేర్లకు అడ్రస్‌లు రాసి ఉండే ఫైలు, దిద్దుతూ కూర్చుంటారు. కొత్త కంప్యూటర్ రాగానే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. చిన్న ఆఫీసుకు తగిన చోటు డీఎన్‌ఎస్. ఏ సైటు తెరవాలన్నా బ్రౌజర్ ముందుగా ఆ పేరుకు ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని అంకెల చిరునామా, అడగాలి; ఆ జవాబిచ్చే ఏర్పాటే డీఎన్‌ఎస్. ఆ ప్రశ్నకు జవాబిచ్చే యంత్రం మన చేతిలో ఉండాలి. పాత కంప్యూటర్ మీద పై-హోల్ అనే డీఎన్‌ఎస్ ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరిపోతుంది. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ నడిపే డీఎన్‌ఎస్ 1.1.1.3 కూడా ఉంది కానీ, అది ఆపేది మాల్వేర్‌నూ (హానికర సాఫ్ట్‌వేర్) అశ్లీల సైట్లనూ మాత్రమే. వీడియోలూ సోషల్ మీడియా ఆపాలంటే సొంత జాబితా తప్పదు.

దయచేసి ఇది రాసుకోండి. రూటర్ డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో, అంటే ప్రతి కంప్యూటర్‌కూ అడ్రస్‌లు పంచే చోట, మొదటి డీఎన్‌ఎస్‌గా ఫిల్టర్ అడ్రస్ పెట్టి, రెండో గడిలో గూగుల్ వారి డీఎన్‌ఎస్ 8.8.8.8 రాసేస్తుంటారు, మొదటిది పడిపోతే పనికొస్తుందని. రెండోదాన్ని కంప్యూటర్లు అత్యవసరంలోనే వాడతాయన్న హామీ ఏమీ లేదు. అందుకే బ్లాక్ చేసిన సైటు ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి తెరుచుకోదు. రెండో గడిని ఖాళీగా ఉంచండి, లేదా రెండో ఫిల్టర్‌నే పెట్టండి. ఐపీ అడ్రస్‌లలో పాత పద్ధతి ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. రూటర్ ఐపీవీ6 మీద తన సొంత డీఎన్‌ఎస్‌ను పంచుతోందేమో కూడా చూడండి. ఐపీవీ4లో ఎంత పకడ్బందీగా చేసినా, అది తెరిచి ఉంటే చేసిందంతా వృథా.

తర్వాత ఫైర్‌వాల్, అంటే ఏ ట్రాఫిక్ బయటికి వెళ్లాలో నిర్ణయించే కాపలా. డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే ద్వారమైన పోర్ట్ 53 మీద బయటికి వెళ్లే అనుమతి ఫిల్టర్ యంత్రానికి మాత్రమే ఇవ్వాలి. ఆ రూలు పైన ఉండాలి, మిగతా అందరినీ ఆపే రూలు దాని కింద. తారుమారైతే ఫిల్టర్ కూడా ఆగి ఆఫీసంతా నెట్ పోతుంది. డేటా పంపే రెండు పద్ధతులు, టీసీపీ, యూడీపీ రెండూ మూయండి, గుప్త డీఎన్‌ఎస్ వెళ్లే పోర్ట్ 853 కూడా మూయండి. అప్పటికీ ఒక దారి మిగులుతుంది. బ్రౌజర్లు డీఎన్‌ఎస్ ప్రశ్నను మామూలు వెబ్ ట్రాఫిక్‌లో, 443 మీద పంపగలవు. పోర్ట్ 443 మూస్తే వెబ్బే ఉండదు. కాబట్టి క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అనే ఈ సదుపాయాన్ని పాలసీ ద్వారా, అంటే అడ్మిన్ అన్ని కంప్యూటర్లకూ పెట్టే సెట్టింగుతో, ఆఫ్ చేసి, ఉద్యోగి మార్చలేకుండా చేయాలి. కంప్యూటర్‌లో అడ్మిన్ హక్కులు, ఇష్టమొచ్చిన ఎక్స్‌టెన్షన్లు వేసుకునే వీలు కూడా తీసేయాలి. ఫిల్టర్‌ను దాటవేసే వీపీఎన్, అంటే బయటి యంత్రానికి వేసుకునే గుప్త దారి, ఎక్కువగా వచ్చేది అలాగే.

ఇక, అన్నిటికంటే ముఖ్యమైన మాట. డీఎన్‌ఎస్ ఫిల్టర్ సైటు మొత్తాన్ని ఆపగలదు, ఆ సైటులో ఒక్క పేజీని ఆపలేదు. అది చాలదనిపించి, హెచ్‌టీటీపీఎస్‌ను, అంటే సైటుతో జరిగే గుప్త సంభాషణను, మధ్యలో విప్పి చదివే ప్రాక్సీ (మధ్యవర్తి యంత్రం) పెట్టిస్తున్నారు. అయ్యా, అమ్మా, చిన్న ఆఫీసులో ఆ పని చేయకండి! దానికోసం ప్రతి కంప్యూటర్లో మీ సొంత రూట్ సర్టిఫికెట్, అంటే ఏ సైటు అసలైనదో కంప్యూటర్ నమ్మడానికి ఆధారమైన పత్రం, వేయాలి. దాని ప్రైవేట్ కీ, అంటే దానితో సంతకం చేసే రహస్య తాళంచెవి, ఎవరి చేతికైనా చిక్కితే, మీ కంప్యూటర్లన్నీ నమ్మే నకిలీ బ్యాంకు సైటును వాళ్లు తయారు చేయగలరు. లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి ఇచ్చిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ విషయంలో 2015లో బయటపడింది ఇదే. ప్రకటనలు చూపడానికి వేసిన ఒకే రూట్ సర్టిఫికెట్, ఒకే కీ అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఉన్నాయి. ఆ కీని పరిశోధకులు బయటికి తీశారు. పైగా ప్రాక్సీ అవతలి సైటు సర్టిఫికెట్‌ను సరిగా పరీక్షించకపోతే, బ్రౌజర్ ఇవ్వాల్సిన హెచ్చరిక ఉద్యోగి కళ్లకే పడదు. ఇన్ని ప్రమాదాలు తెచ్చుకుని మనకు దక్కేదేమిటి? ఉద్యోగి బ్యాంకు పాస్‌వర్డు, డాక్టరుకు రాసిన ఉత్తరం మన లాగ్‌లోకి రావడమా? చూడాల్సిన అవసరం లేనిదాన్ని చూసే వీలు పెట్టుకోకూడదు.

ఖర్చుల గురించి కూడా చెబుదామనుకున్నాను, దాన్ని పక్కన పెడుతున్నాను. ఇది చెప్పకుండా ఉండలేను: చాటుగా బ్లాక్ చేయకండి. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసి అందరికీ ఇవ్వండి. ఏ రకం సైట్లు ఆపుతున్నాం, ఏం నమోదవుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరు చూస్తారు. పై-హోల్‌లో ప్రైవసీ స్థాయిని 2లో పెడితే సైటు పేరు, అడిగిన కంప్యూటర్ రెండూ దాగుతాయి. తెరవమని ఎవరిని అడగాలో కూడా రాయండి. శిక్షణ వీడియో చూడాల్సిన వారి కంప్యూటర్లకు పై-హోల్‌లో విడిగా గ్రూపు పెట్టండి. సొంత ఫోన్లను గెస్ట్ వైఫైకి మార్చండి, ఎందుకంటే అవి మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తించే సంఖ్య) మారుస్తూ గ్రూపులో నిలవకపోవచ్చు.

చివరగా పరీక్ష. మామూలు ఉద్యోగి లాగిన్‌తో కూర్చుని, డీఎన్‌ఎస్‌ను పరీక్షించే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్‌తో బ్లాక్ చేసిన పేరును నేరుగా 8.8.8.8ని అడగండి. జవాబు రాకూడదు. అసలు అడ్రస్ వచ్చిందంటే ఫైర్‌వాల్ రూలు పనిచేయడం లేదు. జవాబు రాకపోయినా సైటు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంటే, డీఎన్‌ఎస్ క్యాష్ (కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత జవాబులు) ఖాళీ చేసి, బ్రౌజర్ మూసి తెరిచి చూడండి. అప్పటికీ వస్తుంటే బ్రౌజర్ పాలసీ ఆ కంప్యూటర్‌కు చేరలేదేమో చూడాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.