విప్పిన నట్టు అదే బోల్టుకు

(ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, తెల్లవారకముందే లేచి ఇంతమందికి పులిహోర కలిపిన అక్కచెల్లెళ్లకు, ఇప్పుడు వెనకాల గిన్నెలు తోముతున్న అన్నదమ్ములకు నమస్కారాలు. ఎవరో ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చిన వేపపువ్వు పచ్చడిలో కాస్త ఎక్కువే పడింది. ఇంకా నాలుక మీదే ఉంది. నా మాటల్లో ఎక్కడైనా చేదు తగిలితే తప్పు వేపపువ్వుదే అనుకోండి.

నాకు ఇచ్చిన అంశం 'ప్రవాసంలో నైపుణ్యం, విజయం'. ఇచ్చిన సమయం పదిహేను నిమిషాలు. అంశం మీద నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి సమయం మాత్రం వాడుకుంటాను.

ఇందాక నన్ను పరిచయం చేసిన తమ్ముడు 'ఆవిష్కర్త' అన్నారు. 'సొంత చేతులతో కారును సృష్టించారు' అన్నారు. మీరందరూ చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. సంతోషమే. కానీ నేను సృష్టించింది ఏమీ లేదు. 1992 నాటి మాజ్దా ఎమ్మెక్స్-5 కారు ఒకటి కొని విప్పాను. దాని ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియల్, చక్రాల హబ్బులు, బ్రేకులు, స్టీరింగు, వైర్లు తీసి, కిట్లు అమ్మే ఒక కంపెనీ చేసిన ఇనుప చట్రానికి బిగించాను. దీన్ని ఇక్కడ కిట్ కారు అంటారు. విప్పిన బండిని డోనర్ అంటారు, అంటే దాత. ఆస్పత్రిలో కిడ్నీ ఇచ్చినవారికి వాడే మాటే. చూడటానికి వచ్చినవాళ్లందరూ కొత్త కారు చుట్టూ తిరుగుతారు. ఆ దాత ఏమైందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఇది ఈ దేశంలో చాలా మామూలు అభిరుచి. లోటస్ కంపెనీ 1957లో సెవెన్ అనే చిన్న కారు తెచ్చింది. ముందు రెండు చక్రాలు ఒంటికి అంటకుండా బయట ఉంటాయి, తలుపులు ఉండవు. ఆ రోజుల్లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కట్టక్కర్లేదు. అయితే బిగించే పద్ధతి రాసి ఇస్తే పన్ను పడుతుందని కంపెనీ ఒక ఉపాయం చేసిందని ఇక్కడ కథలుగా చెప్పుకుంటారు. బిగించే పుస్తకం బదులు విప్పే పుస్తకం ఇచ్చారట. కొన్నవాడు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకోవాలి! 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. పన్ను మిగులు లేకుండా పోయింది. అదే ఏడు సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ వాళ్లు తీసుకున్నారు, ఇప్పటికీ చేస్తున్నారు. ఆ పోలికలో కిట్లు అమ్మే చిన్న కంపెనీలు తరువాత ఎన్నో వచ్చాయి. ఇక్కడికి దగ్గరే, స్టోన్‌లీలో, మే నెలలో వాటి ప్రదర్శన జరిగేది. నేను మొదట చూసింది అక్కడే.

చివరి నుంచి మొదటికి చదివే ఆ పుస్తకం కథ విన్నరోజు నేను పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. మా నాన్నగారికి తెలిసిన పని అదొక్కటే మరి.

విజయవాడవాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే ఆటోనగర్ గురించి నేను చెప్పక్కర్లేదు. లారీలకు బాడీలు కట్టేవాళ్లు, పట్టీలు సాగదీసేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, ఒక్కో వీధికి ఒక్కో చప్పుడు. మా నాన్నది అందులో అన్నిటికన్నా కిందిమెట్టు పని. ప్రమాదంలో నుజ్జయిన లారీలు, ముసలి లారీలు కొని, విప్పి, పనికొచ్చే భాగాలు అమ్మేవాడు. బాడీ కట్టే మేస్త్రీకి పేరుంది, ఇంజను మేస్త్రీకి గౌరవం ఉంది. విప్పేవాణ్ని మాత్రం తుక్కువాడు అనేవారు.

నేను పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాలి. నాన్న షెడ్డులోంచి బయటికి వచ్చి జేబులోంచి నోట్లు తీసి ఇచ్చాడు. ప్రతి నోటు మీద ఆయన బొటనవేలి ముద్ర, గ్రీజుతో, గీతలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. నేను ఆ నోట్లు తిన్నగా బడికి తీసుకువెళ్లలేదు. పటమటలో ఒక కిరాణా కొట్టుకు వెళ్లి మార్చుకుని, శుభ్రమైనవి కట్టాను. ఆ తరువాత కూడా అంతే. కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని రాశాను. పెళ్లిచూపుల్లో 'ఆటోమొబైల్ రంగం' అన్నాను. మా ఆవిడ ముందు వరసలోనే ఉంది, కావాలంటే అడగండి. ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ముక్క ఇది. సభ మీది, మైకు నా చేతిలో ఉంది, చెప్పేశాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. కారు దగ్గరికే వస్తున్నానండీ.

ఎమ్మెక్స్-5 ఎందుకంటే, దాని ఇంజను బండి పొడవునా కూర్చుంటుంది, బలం వెనక చక్రాలకు వెళుతుంది. సెవెన్ తరహా బండికి కావలసింది అదే. ఒకప్పుడు ఈ పనికి పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌లు వాడేవారు. ఇప్పుడు వాటిని విప్పితే పాపం చుట్టుకుంటుంది, పురావస్తువుల ధర పలుకుతున్నాయి. తరువాత ఫోర్డ్ సియెర్రాలు వాడారు, అవీ అయిపోయాయి. మాజ్దాలకు మాత్రం ఇంగ్లండ్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు శత్రువు. తలుపు కింది గడపలు, వెనక చక్రాల పైభాగాలు తుప్పు పట్టి పేలాల్లా రాలిపోతాయి. లోపల ఇంజను మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అలాంటిది నాకు 2016లో ఏడు వందల పౌండ్లకు దొరికింది.

విప్పడం వారం రోజుల పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. అందులో ఆరు వారాలు రెండే రెండు బోల్టులకు పోయాయి. ఎమ్మెక్స్-5 విప్పినవాళ్లు ఎవరైనా సభలో ఉంటే ఇప్పటికే వాళ్లకు అర్థమై ఉంటుంది. వెనక హబ్బు అడుగున, కింది విష్‌బోన్‌ను, అంటే చక్రాన్ని చట్రానికి కలిపే ఇనుప చేతిని, పట్టి ఉంచే ఒక పొడవాటి బోల్టు ఉంటుంది. పక్కకొకటి. ఆ కీలులో ఉండే బుష్ అనే తొడుగు లోపలి ఉక్కు గొట్టంలో అది అడ్డంగా దూరి ఉంటుంది. పాతికేళ్ల ఉప్పునీళ్లకు బోల్టు, గొట్టం కలిసి ఒకే ముక్కగా మారిపోతాయి. నట్టు వస్తుంది, బోల్టు కదలదు. తుప్పు వదిలించే నూనె పోశాను, పానాకు నాలుగడుగుల గొట్టం తొడిగి వేలాడాను. పానా విరిగింది.

ఆ రాత్రి విసుగుతో నాన్నకు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన షెడ్డు మూసేసి పన్నెండేళ్లు. మోకాళ్ల నొప్పులు, టీవీలో క్రికెట్టు. 'బోల్టు రావడం లేదు నాన్నా' అన్నాను. అటువైపు టీవీ చప్పుడు ఆగిపోయింది.

'ఎటు తిప్పుతున్నావు?' అన్నాడు.

'విప్పేవైపే.'

'ముందు బిగించేవైపు తిప్పు. వెంట్రుకవాసి చాలు. ఎప్పుడూ అటు కదలాలనుకోదు కాబట్టి తుప్పు అటువైపు బలంగా పట్టదు. చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆగి, నూనె వేసి, పడుకో. రేపు మళ్లీ.'

తుప్పు గురించి ఆయన చెప్పిన కారణం శాస్త్రానికి నిలుస్తుందో లేదో నన్ను అడగకండి. మర్నాడు సాయంత్రం కుడివైపు బోల్టు టిక్కుమంది. చిన్న చప్పుడే, పెసరగింజ కొరికినట్టు. మూడోరోజుకు పావు చుట్టు తిరిగింది. వారానికి చేతిలోకి వచ్చింది, మధ్యలో ఎర్రగా, నడుము సన్నబడి. ఎడమవైపుదానికి అదే వైద్యం చేశాను, రాలేదు. 'సెగ పెట్టు' అన్నాడు. పెట్టాను. లారీలో ఇత్తడి బుష్ ఉంటుంది, ఈ కారులో ఉన్నది రబ్బరు. గ్యారేజీ నిండా నల్లటి పొగ, పక్కింటి ముసలాయన బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. చివరికి రంపంతో కోసేశాను. కోసేశానని చెబితే నాన్న రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తరువాత మాత్రం రోజూ మాట్లాడాడు. ఉద్యోగం గురించి, పిల్లల చదువు గురించి ముప్ఫై ఏళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపినా ఆ నాలుగు నెలల మాటలకు చాలవు. ఆయన చెప్పిన మొదటి నియమం: విప్పిన నట్టును అదే బోల్టుకు తిరిగి తొడిగి పెట్టు. రెండోది: వైరు ఊడదీసే ముందే రెండు కొసలకూ చీటీ కట్టు. నేను చీటీలు కట్టాను. నూట నలభై ఏడు. ఫలానా వైరు, ఫలానా చోటు. ఏడాది తరువాత ఆ వైర్ల మూటను కొత్త చట్రంలో పరిచేటప్పుడు ఆ చీటీలే లేకపోతే నేను ఇవాళ మీ ముందు కాదు, ఏదో ఆశ్రమంలో ఉండేవాణ్ని.

బిగించడం గురించి తొందరగా చెప్పేస్తాను, అది తేలిక. పాతిక మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టాల చట్రం, దానికి రివెట్లతో అల్యూమినియం రేకు, ముందు ముక్కు, చక్రాల మీది రెక్కలు ఫైబర్‌గ్లాసు. దాత కారు బరువు సుమారు 950 కిలోలు, నాది 590. ఇంజను అదే, 1600 సీసీ. మోయవలసిన బరువు తగ్గింది కాబట్టి పరుగెడుతుంది.

అసలు గండం పరీక్ష దగ్గర. ఇంట్లో కట్టిన బండిని రోడ్డెక్కించాలంటే ఐవీఏ అనే ప్రభుత్వ తనిఖీ నెగ్గాలి. 2009 నుంచి ఉన్న పద్ధతి ఇది, అంతకుముందు వేరే పేరుతో ఉండేది. తనిఖీ అధికారి దగ్గర 100 మిల్లీమీటర్ల బంతి ఒకటి ఉంటుంది. బండి బయట అది ఎక్కడ తగిలినా అక్కడ వాడి అంచు ఉండకూడదు. పాదచారికి గీసుకోకూడదని. నేను ప్రతి బోల్టు కొసకూ ప్లాస్టిక్ టోపీ పెట్టాను. ఒక్కటి మరిచాను. ఆయన బంతి సరిగ్గా దాన్నే వెతుక్కుంటూ వెళ్లింది. దానికన్నా పెద్ద తప్పు, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నడిమికి రాలేదు. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది, గమనించారా? చేతులు వదిలినా తిన్నగా పోయేది ఆ వాలు వల్లే కాస్త. కారుకూ అలాంటి వాలు ఉంటుంది. 950 కిలోల కారు కోసం చేసిన హబ్బులు తేలిక బండిలో పెడితే ఆ లాగుడు చాలదు. తప్పాను. ఇంటికొచ్చి వాలు పెంచి, చక్రాల ముఖాలు సరిచేసి, మళ్లీ వెళ్లాను. రెండోసారి తప్పినవాటినే చూస్తారు. నెగ్గాను.

బండి నాదేనని, నేనే కట్టానని రుజువుగా ఫొటోలు, రసీదులు పెట్టిన ఫైలు వెంట తీసుకువెళ్లాను. అధికారి ఒక్కో కాగితం తిప్పుతున్నాడు. దాదాపు ప్రతి రసీదు మీదా నల్లటి బొటనవేలి ముద్ర. నాది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ముద్ర మీదే వేలు పెట్టి కాగితం తిప్పాడు, తరువాతిది చూశాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఇక్కడ మార్చుకోవడానికి కిరాణా కొట్టు లేదు మరి.

నంబరు సంగతి. పుట్టుక తేలని బండికి ఇక్కడ క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. కంపెనీ చట్రం, దాత కారు కాగితాలు, దాని పెద్ద భాగాలు రెండైనా ఉన్నాయని చూపిస్తే దాత వయసుకు తగిన నంబరు వస్తుంది. నాకు క్యూ వద్దనిపించింది. తండ్రి ఎవరో దాచిపెట్టడం ఒకసారి చాలు. ఒక్క కాగితం పోకుండా దాచాను, 1992 నాటి నంబరే వచ్చింది.

కుర్రవాళ్లు తప్పకుండా అడుగుతారు, 'మన ఊళ్లో చెయ్యొచ్చా అంకుల్?' అని. చెయ్యొచ్చు, రోడ్డు మీద నడపలేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ చేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇంట్లో ఒక్క బండి కట్టుకున్న మనిషి కోసం ఇక్కడి ఐవీఏ లాంటి దారి అక్కడ లేదు. ప్రాణాల సంగతి కాబట్టి చట్టాన్ని తప్పుపట్టను. కానీ ఆటోనగర్‌లో పుట్టి పెరిగిన చేతులు ఎన్ని ఉన్నాయో తెలిసినవాణ్ని కాబట్టి ఆ దారి లేనందుకు బాధపడతాను. ఈ రెండూ నాలో ఉన్నాయి, ఏం చెయ్యమంటారు?

చిట్టీ వచ్చింది. 'ముగించగలరు' అని రాశారు. ముగిస్తాను.

దాత సంగతి అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. మిగిలిన డొల్లను తీసుకుపోవడానికి తుక్కు లారీ అతను వచ్చాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను. ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నానో అతనికి బోధపడలేదు, ధర పెంచమంటానేమోనని భయపడ్డాడు.

బండి నడిచిన రోజు నాన్నకు వీడియోలో చూపించాను. రంగు చూడలేదు, ముక్కు చూడలేదు. 'బోల్టులు ఎన్ని మిగిలాయి?' అన్నాడు. ఆయన లెక్కలో ఒక్కటి మిగిలినా పని తప్పినట్టే. చట్రం మారింది నాన్నా, పాత డొల్ల బోల్టులు రెండు బకెట్లు మిగిలాయి అన్నాను. 'రెండు బకెట్లా!' అని మా అమ్మను పిలిచాడు. తరువాత కెమెరా దగ్గరగా పెట్టమన్నాడు. నట్లన్నీ బోల్టులకే ఉన్నాయా లేదా అని చూసుకున్నాడు. ఉన్నాయి.

బండి బయట కార్ల మధ్యలోనే పెట్టాను, ఎర్రది. పిల్లలు ఎక్కి కూర్చోవచ్చు, స్టీరింగు తిప్పుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త. సైలెన్సరు గొట్టం బండి పక్కన బయటికే ఉంటుంది, ఇప్పుడే నడిపి తెచ్చాను, ఇంకా చల్లారి ఉండదు. పట్టుపావడాలు వేసుకున్న పిల్లలను అటువైపు నుంచి ఎక్కనివ్వకండి.