పండగ హడావిడిలో మణికట్టు దగ్గర రెండు నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

భోగి దగ్గరపడింది. ఈపాటికి చాలా ఇళ్లలో అటక మీది మూకుళ్లు కిందికి దిగి ఉంటాయి. ఊళ్లకు వెళ్లే రైళ్లలో సీట్లు ఎప్పుడో నిండిపోయాయి. దొరకనివాళ్లు ప్రైవేటు బస్సుల ధరలు చూసి నిట్టూరుస్తున్నారు. విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరే రోజులు వచ్చేస్తున్నాయి. సంక్రాంతి అంటే సంబరమే, కాదనను. కానీ ఆ సంబరాన్ని వండి వార్చే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఇవాళ నా మాటలు ఆ మనిషి కోసం.

ఆక్యుప్రెషర్ గురించి మీరు వినే ఉంటారు. ఎగ్జిబిషన్లలో ముళ్లముళ్లుగా ఉండే చెప్పులు, చెక్క రోలర్లు అమ్ముతుంటారు. వాటి జోలికి నేను పోను. చైనా సంప్రదాయ వైద్యంలో ఒంటి మీద 361 ముఖ్య బిందువులు చెబుతారు. అక్కడ సూది గుచ్చితే ఆక్యుపంక్చర్, వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్. అన్ని బిందువులు మనకెందుకండీ? ఒక్కటి చాలు. మణికట్టు దగ్గర ఉండే ఒకే ఒక్కటి. దాన్ని నెయ్‌గ్వాన్ అంటారు, పి-6 అని కూడా రాస్తారు.

ఆ బిందువును నేను మొదట చూసింది మా పిన్ని చేతి మీద. వాళ్లది తెనాలి దగ్గర పల్లె. ఆ ఏడు కొత్త అల్లుడు తొలిసారి పండక్కి వస్తున్నాడు. కొత్త అల్లుడు వస్తున్నాడంటే ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. తడి పిండి జల్లించి సిద్ధంగా ఉంది, పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతోంది. అంతలో అల్లుడెక్కిన బస్సు ఎక్కడో ఆగిపోయిందని ఫోను. ఇంకో పక్క, పాలు ఇంకా రాలేదని గోల. పిన్ని ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "నాకు దడగా ఉందే" అంది.

పెద్ద కోడలు నర్సు. గబగబా వచ్చి నాడి చూసింది, నొప్పి ఏమైనా ఉందా అని అడిగింది. లేదని తేల్చుకున్నాక, "అత్తయ్యా, మీరు ముందు ఇలా పీట మీద కూర్చోండి" అంది.

"కూర్చుంటే ఎలా అమ్మాయ్, పాకం ముదిరిపోతుంది."

"పాకం సంగతి మామయ్యగారు చూస్తారు."

మా బాబాయి జీవితంలో గరిటె పట్టి ఎరగడు. అయినా కోడలు చేతికిస్తే కాదనలేక పట్టుకున్నాడు. పిన్ని పీట మీద నుంచే చెప్పింది: "పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వెయ్యండి, మెత్తగా ఉండ కట్టాలి." ఆయన చుక్క వేస్తాడు, చూస్తాడు, "ఇదా? ఇదేనా?" అంటాడు. మళ్లీ చుక్క వేస్తాడు. ఈలోగా కోడలు అత్తగారి గాజులు మోచేతి వైపు జరిపి, బొటనవేలితో ఆ బిందువు నొక్కి పట్టుకుని, "మెల్లగా గాలి వదలండి, ఇంకా మెల్లగా" అంటూ కూర్చుంది. కాసేపటికి పిన్ని భుజాలు కిందికి దిగాయి. బాబాయిని చూసి నవ్వు కూడా వచ్చింది. ఆ వాయి అరిసెలు మాత్రం గట్టిపడ్డాయి. అల్లుడు కుర్రవాడు, పళ్లున్నవాడు, మారు మాట్లాడకుండా తిన్నాడు.

పిన్నికి హాయినిచ్చింది ఆ బిందువా, పీటా, గరిటె చేతులు మారడమా? మూడూ అనే నేననుకుంటాను. పరిశోధకులు ఈ పి-6 మీద ఎక్కువగా పరీక్షించింది వికారం, వాంతుల విషయంలో. ఆపరేషన్ అయ్యాక వచ్చే వాంతులను ఇది కొంత తగ్గిస్తుందని తేలింది. మా నర్సు కోడలికి ఆ దారినే తెలిసింది. ప్రయాణంలో కడుపు తిప్పేవాళ్ల కోసం ఇదే చోట గుండీ నొక్కుకునేలా చేసిన పట్టీలు కూడా అమ్ముతారు. మనసు ఆందోళన విషయంలో ఆధారాలు అంత గట్టివి కావు, జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి. కానీ నెమ్మదిగా ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుందన్నది మాత్రం శరీరశాస్త్రం చెప్పే మాటే. అందుకే నొక్కడం ఒక్కటే చాలదు, ఊపిరి కూడా చూసుకోవాలి.

ఇప్పుడు మీ ఎడమ చెయ్యి చాపండి. అరచెయ్యి పైకి. గాజులుంటే మోచేతి వైపు జరపండి, వాచీ ఉంటే తీసేయండి. అరచెయ్యి మొదట్లో మణికట్టు ముడత కనిపిస్తుంది కదా. ఆ ముడతకు ఆనించి కుడి చేతి మూడు వేళ్లు అడ్డంగా పెట్టండి. ఉంగరపు వేలు ముడతకు తగలాలి. చూపుడు వేలు అంచు ఎక్కడికి వచ్చిందో అక్కడ, చేతి మధ్యలో, రెండు నరాల్లాంటి తాళ్లు తగులుతాయి. పిడికిలి కాస్త బిగిస్తే తెలుస్తాయి. వాటి నడుమ ఉన్న పల్లమే మన బిందువు. ఎవరి చేతికి వాళ్ల వేళ్లే కొలత. చిన్నపిల్ల చేతి మీద మీ వేళ్లతో కొలవకండి.

బొటనవేలితో అక్కడ నొక్కండి. కాస్త బరువుగా అనిపించాలి, నొప్పి పుట్టకూడదు. నొక్కి ఉంచే మెల్లగా గుండ్రంగా తిప్పండి. ముక్కుతో గాలి పీల్చి, పీల్చిన దానికన్నా ఎక్కువసేపు వదలండి. ఒక నిమిషం. తర్వాత రెండో చెయ్యి, ఇంకో నిమిషం. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా చేసుకోవచ్చు, వియ్యపురాలు వరండాలో మాట్లాడుతుండగా కొంగు చాటునా చేసుకోవచ్చు. దెబ్బ, వాపు ఉన్నచోట నొక్కకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చర్మం తొందరగా కమిలిపోతుంది, వాళ్లు మరీ తేలిగ్గా నొక్కాలి. తలనొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండను నొక్కమని కొందరు చెబుతారు. గర్భిణులు ఆ బిందువు జోలికి వెళ్లకూడదని సంప్రదాయం కూడా చెబుతోంది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ బిందువు గుండెదడకు మంచిదని వింటారు. పండగ రోజుల్లో ఛాతీలో బరువుగా ఉంటే, అరిసెలు ఎక్కువయ్యాయి, గ్యాసు పట్టింది అనుకోవడం మనకు అలవాటు. ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పోసినా, ఊపిరి అందకపోయినా మణికట్టు నొక్కుతూ కూర్చోకండి. ఆడవాళ్లకు కొన్నిసార్లు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, నీరసంతోనే గుండెపోటు వస్తుంది. అల్లుడు వచ్చాక చూద్దాం, కనుమ వెళ్లాక చూద్దాం అనుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

నమస్కారం.