మిద్దె మీద పచ్చదనం: శ్లాబ్ ఏమంటుంది?

యాంకర్: నమస్కారం. ఏప్రిల్ వస్తే పై అంతస్తులో ఉండేవాళ్లకి రాత్రి పదైనా శ్లాబ్ సెగ తగ్గదు. జూలైలో గంట వాన పడితే అదే వీధిలో మోకాలి లోతు నీళ్లు. మిద్దె మీద పచ్చిక పెంచితే రెండూ తగ్గుతాయంటున్నారు. నిజమేనా సార్?

స్ట్రక్చరల్ ఇంజినీర్: తగ్గుతాయి. మట్టిలోంచి, ఆకుల్లోంచి లీటరు నీరు ఆవిరైతే, కరెంటు లెక్కలో చెప్పాలంటే దాదాపు 0.68 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. కానీ ముందు శ్లాబ్ సంగతి చూడాలి. మనుషులు తిరిగే మిద్దెకి మన దేశ భవన నిర్మాణ కోడ్ ప్రకారం చదరపు మీటరుకి 150 కిలోల లోడు లెక్కగడతారు. తడిసిన ఎర్రమట్టి 4 అంగుళాలు పోస్తేనే 180 కిలోలు దాటుతుంది.

మిద్దెతోట సాగుదారు: నేను చేసిన తప్పు అదేనండీ. పొలం మట్టి తెచ్చి నేరుగా శ్లాబ్ మీదే పోయించాను. మొదటి వానాకాలంలోనే హాలు సీలింగ్ మీద తేమ మరక వచ్చింది. పైకెళ్లి చూస్తే నీళ్లు పోయే పైపు మూతి ఆకులతో, బురదతో మూసుకుపోయింది. పక్కనే పిట్టగోడ పగులులో రావి మొక్క! చాలా బాధనిపించింది. మట్టంతా దింపించేశాను.

యాంకర్: మళ్లీ ఎలా వేశారమ్మా?

సాగుదారు: వాటర్ ప్రూఫింగ్ చేయించి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. దానిమీద వేర్లు దిగకుండా షీటు, నీళ్లు జారే షీటు, వడపోత గుడ్డ. ఆపైన బరువు తగ్గేలా కొబ్బరి పొట్టు, వర్మి కంపోస్టు, ఇటుక ముక్కలు కలిపి పోశాం. పైపు చుట్టూ అడుగు మేర కంకరే, మట్టి లేదు. ఎండకు తట్టుకుంటాయని గంగవావిలి, టేబుల్ రోజ్ వేశాను. ఏసీ నీళ్లు వాటికే.

యాంకర్: మరి వరద ఆగుతుందా?

ఇంజినీర్: అలాంటి తేలిక మిశ్రమం 4 అంగుళాల పొర ఎండి ఉంటే సుమారు 25 మిల్లీమీటర్ల వాన పట్టుకుంటుంది. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 2,500 లీటర్లు. అప్పటికే తడిసి ఉంటే కాస్త ఆలస్యంగా వదులుతుందంతే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పడ్డ వానలాంటిదాన్ని ఇది ఆపలేదు. దానికి నాలాలు, చెరువులే కావాలి. మిద్దె తోట చూపించి చెరువు పూడ్చడాన్ని నేను ఒప్పుకోను.

యాంకర్: మిద్దె మీద పచ్చదనం తప్పనిసరని చట్టం చేస్తే?

ఇంజినీర్: కెనడాలోని టొరంటో నగరం 2009లోనే పెద్ద కొత్త భవనాలకి దీన్ని తప్పనిసరి చేసింది. కొత్తవాటికైతే ప్లాన్‌లోనే బరువు లెక్కేసుకోవచ్చు.

యాంకర్: పాత ఇళ్లవాళ్లు?

ఇంజినీర్: ముందు ఇంజినీర్‌కి చూపించండి. పెచ్చులూడి చువ్వలు కనిపిస్తుంటే మట్టి ఎక్కించొద్దు. రిపేరు చేయించి, ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ వేయించండి.