ఆకు తిప్పి చూడండి

అందరికీ నమస్కారం. నా చేతిలో రెండు ఆకులున్నాయి. రెండూ తుంచగానే పాలు కారాయి. రెండింటి అంచులూ గరుకే, రెండు మొక్కలకీ చిన్న చిన్న పసుపు పూలే. వీటిలో ఒకటే అడవి లెట్యూస్. రెండోది సోంకస్, లెట్యూస్‌లా కనిపించే వేరే మొక్క. మొక్కలు చూడటం మొదలుపెట్టిన కొత్తలో నేను ఒక సీజనంతా ఈ సోంకస్‌నే లెట్యూస్ అని నోట్‌బుక్‌లో రాసుకుంటూ తిరిగాను. నన్ను ముంచింది ఆ పాలే.

లెట్యూస్ ప్రజాతి పేరు లాక్టూకా. లాటిన్‌లో పాలకున్న మాట నుంచే ఆ పేరు వచ్చింది. దాంతో పాలు కారితే చాలు, పని అయిపోయిందనుకుంటాం. కానీ చేమంతి కుటుంబంలో ఈ తెగ మొక్కలన్నీ పాలు కార్చేవే. డాండెలియన్ కూడా అంతే. కాకపోతే దాన్ని తేలిగ్గా పక్కన పెట్టేయొచ్చు: ఆకులన్నీ నేలకు ఆనుకుని ఉంటాయి, ఆకుల్లేని బోలు కాడ మీద ఒకే పూగుత్తి ఉంటుంది.

సోంకస్‌తోనే అసలు చిక్కు. అందుకే ఆకు తిప్పి చూడండి. అడుగున మధ్య ఈనె వెంట దువ్వెన పళ్లలా ఒక వరస ముళ్లున్నాయా? వేలితో కింది నుంచి పైకి నిమిరితే తెలిసిపోతుంది. ఉంటే అది చాలావరకు లాక్టూకా సెరియోలా, మనం తినే లెట్యూస్‌కు అడవి పూర్వీకురాలు. సోంకస్‌కు ముళ్లు ఆకు అంచుకే, ఈనె మీద వరస ఉండదు. అలాగని ముళ్లు లేవు కాబట్టి లెట్యూస్ కాదు అనేయకండి. ఉత్తర అమెరికాకు చెందిన లాక్టూకా కెనడెన్సిస్ ఈనె తరచుగా నున్నగానే ఉంటుంది.

ఆకు ఆకారాన్ని మాత్రం నేను నమ్మను. సెరియోలాలోనే కొన్నింటికి లోతుగా చీలిన ఆకులు, కొన్నింటికి అసలు చీలికే లేని ఆకులు. ఆకు నిలబడే తీరు చూడండి, అది బాగుంటుంది. మంచి ఎండలో పెరిగిన సెరియోలా ఆకులు కాండానికి అతికే చోట మెలితిరిగి అంచు మీద నిలబడతాయి, కొసలు ఉత్తర దక్షిణాలకు తిరుగుతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆకు మీద నేరుగా పడదు. దిక్సూచి మొక్క అనే పేరు దీనికి అందుకే వచ్చింది. నీడలో పెరిగితే ఈ విన్యాసం కనిపించదు.

పువ్వు చూడాలంటే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. మనం రేకు అనుకునే ప్రతిదీ నిజానికి ఒక పూర్తి పువ్వు. దాని కొసన భూతద్దం పెడితే అయిదు చిన్న పళ్లు కనిపిస్తాయి, అవి కలిసిపోయిన అయిదు రేకుల గుర్తులు. సెరియోలా గుత్తిలో ఇలాంటివి ఓ పదిహేను, ఇరవై ఉంటాయి. సోంకస్‌లో కుక్కినట్టు వందకు అటూ ఇటూ ఉంటాయి.

ఇక గింజ. తీర్పు చెప్పేది ఇదే. లెట్యూస్ గింజకు పైన దారంలాంటి సన్నని ముక్కు, దాని కొసన తెల్లటి నూగు గొడుగు. సోంకస్ గింజకు ముక్కే లేదు, నూగు నేరుగా గింజ మీదే కూర్చుంటుంది. సెరియోలాకూ, దాని చుట్టం లాక్టూకా వైరోసాకూ తేడా చెప్పేది కూడా గింజే: సెరియోలాది బూడిద కలిసిన ఆలివ్ రంగు, గింజ ఒంటి మీదే పైకొసన పొట్టి గరుకు వెంట్రుకలు (గొడుగు నూగు కాదు). వైరోసాది ముదురు ఊదా, దాదాపు నలుపు. ముళ్లు రెండింటికీ ఉంటాయి కాబట్టి, గింజ పండకముందు ఈ రెంటి మధ్య పందెం కాయకండి.

వైరోసా పాలు నిద్ర పట్టిస్తాయని నెట్‌లో చదివి ఎవరైనా రుచి చూద్దామనుకుంటే, వద్దు. ఎక్కువ తిని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. ఇవాళ మన పని గుర్తుపట్టడం వరకే.

నమూనా తెచ్చేటప్పుడు పండిన గుత్తి ఒకటి విడిగా కాగితపు కవరులో వేసుకోండి. ఆకు ఎలా నిలబడి ఉందో, ఎండలోనా నీడలోనా, కోయకముందే రాసుకోండి. కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టాక ఆకులన్నీ పడుకునే ఉంటాయి మరి.