పేగు గోడకు సూక్ష్మజీవుల రసాయనాలు

సభకు నమస్కారం.

క్రాన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే రెండు దీర్ఘకాలిక జబ్బులను కలిపి వైద్యులు ఐబీడీ అంటారు. మొదటిది జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు, రెండవది పెద్దపేగుకే పరిమితం. పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, విరేచనాలు, రక్తస్రావం, నీరసం కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడతాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు ఎందరినో శస్త్రచికిత్స నుంచి తప్పించిన మాట నిజమే. అయితే అవి రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కాబట్టి, శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ తిరిగి మేల్కొనే ప్రమాదం ఉంది. మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. అందుచేత, వాపును అణచడంతో పాటు చెడిన పేగు గోడను కూడా బాగుచేయగల పదార్థాల కోసం వెతుకులాట సాగుతోంది. ఆ వెతుకులాట మన పేగుల్లోని బ్యాక్టీరియా దగ్గరికే చేరింది.

మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తుంది. పెద్దపేగు గోడ కణాలు తమకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతాన్ని బ్యుటిరేట్ నుంచే పొందుతాయి. రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే టి-రెగ్ కణాలు పేగులో పెరగడానికి బ్యుటిరేట్ తోడ్పడుతుందని 2013లో చిట్టెలుకలపై జరిగిన పరిశోధనలు చూపాయి. బ్యుటిరేట్ తయారుచేసే ఫీకాలీబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ అనే బ్యాక్టీరియా తక్కువగా ఉన్న క్రాన్స్ రోగులలో, శస్త్రచికిత్స తరువాత జబ్బు తిరగబెట్టడం ఎక్కువని ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు.

ఇంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు బ్యుటిరేట్‌నే మందుగా ఇస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. జర్మనీ వైద్యులు 1992లోనే ఆ పని చేశారు. వారు పదిమంది కొలైటిస్ రోగులకు బ్యుటిరేట్ ఎనిమాలు (మలద్వారం గుండా పేగులోకి ఎక్కించే ద్రవం) ఇస్తే విరేచనాలు, రక్తం పడటం తగ్గాయి. తరువాత, మందు లేని ఎనిమాలతో పోల్చి చూసిన పరీక్షల్లో ఆ తేడా నిలకడగా కనిపించలేదు. ఇందుకు ఒక కారణం, వాచిన పేగు కణాలలో బ్యుటిరేట్‌ను లోపలికి తీసుకునే ప్రోటీన్ తగ్గిపోవడమే కావచ్చు. మందు అందవలసిన చోటే దాన్ని స్వీకరించే శక్తి లేకపోయింది. పదిమందితో వచ్చిన ఫలితాన్ని ఎంత జాగ్రత్తగా చదవాలో చెప్పడానికి నా దృష్టిలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రెండవ పదార్థం యురోలిథిన్-ఎ. దానిమ్మలోనూ అక్రోటు పప్పులోనూ ఉండే ఎల్లాజిటానిన్లు అనే పదార్థాలు మొదట ఎల్లాజిక్ ఆమ్లంగా, ఆపై కొన్ని బ్యాక్టీరియాల చేతిలో యురోలిథిన్లుగా మారతాయి. అమెరికాలోని లూయివిల్ విశ్వవిద్యాలయంలో వెంకటకృష్ణ జాల, బెంగుళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థలో ప్రవీణ్ వేముల బృందాలు కలిసి 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీని పనితీరును వివరంగా చూపింది. పేగు గోడలో పక్కపక్క కణాలను బిగించి ఉంచే క్లాడిన్-4, ఆక్లూడిన్ వంటి ప్రోటీన్లు ఉంటాయి. అవి తగ్గితే బ్యాక్టీరియా భాగాలు సందుల గుండా లోపలికి చొరబడి వాపును రగిలిస్తాయి. యురోలిథిన్-ఎ, దాని నమూనాలో ప్రయోగశాలలో తయారుచేసిన మరింత స్థిరమైన యుఏఎస్-03 అనే పదార్థం, ఈ ప్రోటీన్ల ఉత్పత్తిని పెంచాయి. నోటి ద్వారా ఇచ్చినప్పుడు చిట్టెలుకలలో కొలైటిస్ తీవ్రత తగ్గింది. ఏహెచ్ఆర్ అనే గ్రాహకం గానీ, ఎన్ఆర్ఎఫ్-2 అనే ప్రోటీన్ గానీ లేని చిట్టెలుకలలో మాత్రం ఆ రక్షణ లభించలేదు. పదార్థం ఏ దారిలో పనిచేస్తోందో ఇలా తేల్చి చెప్పడమే ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది.

దానిమ్మ తింటే చాలునా? చాలదు. యురోలిథిన్-ఎ తయారుచేసే బ్యాక్టీరియా అందరి పేగులలో ఉండదు. ఒకే పండు తిన్న ఇద్దరిలో ఒకరికి ఆ పదార్థం దక్కి, మరొకరికి దక్కకపోవచ్చు. అందుకే బ్యాక్టీరియా మీద ఆధారపడకుండా ఆ పదార్థాన్నే నేరుగా ఇవ్వాలన్న ఆలోచన సమంజసమే. నిజానికి సూక్ష్మజీవుల సాయంతో పనిచేసే మందు ఈ జబ్బుకు కొత్తేమీ కాదు. 1940ల నాటికే స్వీడన్‌లో వాడిన సల్ఫాసలజీన్‌ను పెద్దపేగులోని బ్యాక్టీరియా రెండుగా విడగొడితేనే అసలు మందు బయటపడుతుంది.

యురోలిథిన్-ఎ ఆరోగ్యవంతులైన వృద్ధులకు సురక్షితమేనని 2019లోనే మరో పరీక్ష చూపింది. కానీ పుండ్లు పడిన పేగు వేరు, ఆరోగ్యవంతమైన పేగు వేరు. ఐబీడీ రోగులలో పరీక్షించేటప్పుడు, ఎవరి పేగు ఈ పదార్థాన్ని సొంతంగా తయారు చేసుకుంటోందో మొదటే కొలిచి, ఆ రెండు వర్గాలను విడివిడిగా చూడాలి. పేగు గోడ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో కణాల బిగువు పెరిగిందా లేదా కూడా పరిశీలించాలి. లక్షణాలను మాత్రమే లెక్కిస్తే బ్యుటిరేట్ ఎనిమాల కథే మళ్లీ నడుస్తుంది.

ఈ సభలో రోగులు, వారి బంధువులు కూడా ఉన్నారు కాబట్టి ఒక్క మాట. పీచు అందరికీ ఒకేలా మేలు చేయదు. పేగు సన్నబడిన క్రాన్స్ రోగికి అది అడ్డుపడవచ్చు. జబ్బు ఉద్ధృతంగా ఉన్న కొందరిలో, పులియని కొన్ని రకాల పీచు వాపును పెంచవచ్చని 2023లో కెనడా పరిశోధకులు చూపారు. యురోలిథిన్ గుళికలు విదేశాల్లో ఆహార అనుబంధంగా దొరుకుతున్నాయి. వాటిని తెప్పించుకోవాలనుకునేవారు ముందుగా తమ వైద్యునికి చెప్పాలి, పేగు వాపుకు వాడుతున్న మెసలమైన్ అనే మందును గానీ ఇంజెక్షన్లను గానీ సొంతంగా ఆపకూడదు.