తలుపు వేస్తాం, ఫ్యాన్ వేస్తాం... మరి ఇంగ్లీషులో?

(తెర మీద: గవర్నమెంటు స్కూలు, ఐదో తరగతి గది. మిట్టమధ్యాహ్నం. ఫ్యాన్ ఆగి ఉంది.)

మాస్టారు ముందు బెంచీ పిల్లాడితో "పుట్ ద ఫ్యాన్" అన్నారు. వాడు లేచి ఫ్యాన్ వేశాడు. పని అయిపోయింది. కానీ తనిఖీకి వచ్చిన ఆఫీసరు వెనక కూర్చుంటే మాత్రం ఆ మాట మాస్టారి గొంతు దాటదు. టెన్షన్!

నమస్కారమండీ. ఇంగ్లీషు మీడియం క్లాసులో మన టీచర్లం ఇంగ్లీషు ఎలా మాట్లాడాలన్నదే ఇవాళ్టి సంగతి. "పుట్ ద ఫ్యాన్" అన్న ఈ తప్పు ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం.

(తెర మీద: "వెయ్యి" అన్న మాట. చుట్టూ తలుపు, ఫ్యాన్, తాళం, బొమ్మ.)

మనం తలుపు వేస్తాం, ఫ్యాన్ వేస్తాం, తాళం వేస్తాం, బొమ్మ కూడా వేస్తాం. ఇంగ్లీషులో తలుపుకి షట్, ఫ్యాన్‌కి స్విచ్ ఆన్, తాళానికి లాక్, బొమ్మకి డ్రా. మనకి ఒక్క మాటతో గడిచిపోయేచోట వాళ్లకి నాలుగు కావాలి. గ్రామర్ పుస్తకం మొత్తం బట్టీ పట్టినా ఈ సంగతి దొరకదు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. అప్పుడు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సాయంతో టీచర్లకి శిక్షణ ఇచ్చారు: కొన్ని రోజులు ఎదురెదురుగా, మిగతాది ఆన్‌లైన్‌లో. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు వచ్చాయి. 2017లో మొదలైన దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్ల కోర్సులకీ కొదవ లేదు.

మరి లోటెక్కడ? నా సంగతే చెప్తాను. ఒక ఆన్‌లైన్ కోర్సు వీడియోలన్నీ సౌండ్ తీసేసి, పక్కన కూర తరుగుతూ పూర్తి చేశాను. సర్టిఫికెట్ వచ్చింది. ఏ కోర్సు అని అడక్కండి. నోరు తెరవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. నోరు తెరవకుండా మాట్లాడటం ఎలా వస్తుంది?

అందుకే పెద్ద కోర్సు కన్నా, రేపటి పీరియడ్‌కి పనికొచ్చే పది వాక్యాలు మేలంటాను. ఉదాహరణకి భిన్నాలు.

(తెర మీద: బల్ల మీద చపాతీ, నాలుగు ముక్కలు. ఒక ముక్క పక్కకి జరుపుతారు.)

"హౌ మెనీ పార్ట్స్?" ఫోర్. "హౌ మెనీ ఆర్ లెఫ్ట్?" త్రీ. ఇక్కడ మనలో చాలామంది "త్రీ బై ఫోర్" అంటాం. తప్పేం కాదు. కానీ "త్రీ ఫోర్త్స్" అని చూడండి, ముక్కలు కళ్ల ముందుకొస్తాయి. మన "నాలుగింట మూడు వంతులు" చెప్పేదీ అదే కదా! లవం, హారం అర్థం కాని పిల్లాడికి న్యూమరేటర్, డినామినేటర్ అని గట్టిగా అరిచినా లాభం లేదు. ముందు తెలుగులో అర్థం చేయించండి, తర్వాత ఆ రెండు మాటలూ అంటించండి. ఇంట్లో భాష వేరైన పిల్లలకి రెండు భాషల్లోనూ చెప్పమని 2020 జాతీయ విద్యా విధానమే అంటోంది. క్లాసులో తెలుగు మాట దొర్లితే తప్పు చేసినట్టు చుట్టూ చూసుకోనక్కర్లేదు.

ఇక రాత్రి పని. ఆ పది వాక్యాలూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు, పర్వాలేదు. "ఎగ్" అనబోయి "యెగ్" అన్నామా? చెవికి తగులుతుంది. మీ స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే మీ చుట్టుపక్కల బడుల్లో, నమ్మకమైన ఇద్దరు టీచర్లతో చిన్న వాట్సాప్ గ్రూపు పెట్టుకుని అందులో పంపుకోండి. అందులో ఆఫీసర్లని మాత్రం చేర్చకండి.

(తెర మీద: మర్నాడు, అదే గది.)

మాస్టారు: "రవీ, స్విచ్ ఆన్ ద ఫ్యాన్, ప్లీజ్."

ఫ్యాన్ తిరిగింది. మాస్టారు బోర్డు వైపు తిరిగేసరికి వెనక బెంచీ నుంచి ఒక పాప: "సార్, ఇది ఎన్నో లెక్క?"

మాస్టారి చేతిలో చాక్‌పీసు ఆగింది. "ఎన్నో" అన్నదానికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదు మరి. ఒక్క క్షణం ఆలోచించి, నవ్వేసి, "విచ్ సమ్? ద థర్డ్ వన్" అన్నారు.