కారణం తెలియని వాపు: కాలేయ మార్పిడి జరిగిన ఏళ్ల తరువాత

సభకు నమస్కారం.

1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి తొలిసారి కాలేయ మార్పిడి చేసినప్పుడు ఆ రోగి శస్త్రచికిత్స బల్ల మీదే మరణించాడు. నేడు మార్పిడి తరువాత ఇరవై ఏళ్లు దాటి బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు కనుకనే, అప్పట్లో ఎవరి ఊహకూ అందని ఒక సమస్య, అంటే మార్పిడి చేసిన కాలేయంలో కారణం తెలియకుండా వచ్చే వాపు గురించి ఈ రోజు మాట్లాడుకోగలుగుతున్నాం.

మార్పిడి జరిగిన ఏడాదికో, పదేళ్లకో తీసిన బయాప్సీ ముక్కను (పరీక్ష కోసం కాలేయం నుంచి తీసిన చిన్న ముక్కను) సూక్ష్మదర్శినిలో చూస్తే, రక్తనాళాలు, పిత్తనాళాలు కలిసి ఉండే పోర్టల్ ప్రాంతాల్లో లింఫోసైట్లు అనే రోగనిరోధక తెల్లకణాలు గుంపులుగా చేరి, వాటి అంచున ఉన్న కాలేయ కణాలను కొరికినట్టు కనిపిస్తాయి. మామూలు రిజెక్షన్‌లో, అంటే కొత్త కాలేయాన్ని శరీరం పరాయిదిగా భావించి దాడి చేసినప్పుడు, దెబ్బతినే పిత్తనాళాలు ఇక్కడ చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. చూడటానికి అచ్చం హెపటైటిస్ (కాలేయపు వాపు) లాగే ఉంటుంది గాని, హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఉండవు, పాత జబ్బు తిరగబెట్టిన ఆనవాళ్లు ఉండవు, మందుల వల్ల వచ్చిందనడానికీ ఆధారం దొరకదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇది చప్పుడు లేకుండా సాగే తీరు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వైద్యులు, మార్పిడి తరువాత ఏ బాధా లేకుండా తిరుగుతున్న పిల్లలకు క్రమం తప్పక బయాప్సీలు చేసి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, దీర్ఘకాలిక హెపటైటిస్ మొదటి ఏట 22 శాతం మందిలో, ఐదో ఏట 43 శాతంలో, పదో ఏట 64 శాతంలో కనిపించింది. రక్తపరీక్షల్లో పెద్ద తేడా లేకపోయినా, కాలేయంలో మచ్చకట్టడం ఏటికేడు పెరుగుతూనే వచ్చింది.

దీనికి మూలం ఏమిటి? ఆ పిల్లల్లో పలువురికి రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్లు పూర్తిగా ఆపేసి ఉండటం, కొందరిలో ఆటోయాంటీబాడీలు (సొంత కణాలపైనే దాడి చేసే యాంటీబాడీలు) కనిపించడం చూస్తే, ఇలాంటి వాపుల్లో చాలా భాగం నెమ్మదిగా సాగే రిజెక్షనే అయి ఉండవచ్చని నా అభిప్రాయం. లండన్‌లో 1998లో కొత్తగా పుట్టిన ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌గా (రోగనిరోధక వ్యవస్థే కాలేయంపై దాడి చేసే వాపుగా) వర్ణించిన స్థితినే, తరువాత అవయవ మార్పిడి బయాప్సీల వర్గీకరణను నిర్ణయించే బాన్ఫ్ నిపుణుల బృందం ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసే కణాలు) అధికంగా ఉన్న రిజెక్షన్‌గా పేరు మార్చింది.

అయితే ‘కారణం తెలియదు’ అన్న మాటను తొందరపడి రాయకూడదు. హెపటైటిస్ ఇ వైరస్ మార్పిడి పొందినవారిలో దీర్ఘకాలం తిష్ఠ వేయగలదని 2008లో గాని తేలలేదు; రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చినా నమ్మడానికి లేదు, వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏనే వెతకాలి. ఈ వైరస్ దొరికితే రోగనిరోధక శక్తిని అణచే మందుల మోతాదు తగ్గించాలి, రిజెక్షన్ అయితే పెంచాలి. పొరబడితే రోగికి సరిగ్గా వ్యతిరేక దిశలో వైద్యం జరిగిపోతుంది.

అందుకే, రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు బాగున్నాయి కదా అని బయాప్సీని వాయిదా వేయకండి. మరచిపోయిన మాత్రల సంగతి, సొంతంగా వాడిన మూలికల సంగతి డాక్టరు అడగకముందే చెప్పండి. మా వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది.